ఫాస్ట్ కారుకు కాపలా: ఒకే దారికి మూడు తాళాలు వేస్తే చాలదు

మీరు రాసిన సంగతి ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో ట్విన్ టర్బో కూపే కొన్నారు. కీలెస్ ఎంట్రీ ఉంది, అంటే కీ జేబులో ఉంటే చాలు, డోర్ తెరుచుకుంటుంది. ఇంటి ముందు ఆరుబయటే పెడుతున్నారు, వారానికి ఒకటి రెండు సార్లు మాత్రమే తీస్తున్నారు. కంపెనీ అలారం తప్ప వేరే రక్షణ ఏమీ లేదు. స్టీరింగ్ లాక్ కొనాలా, జీపీఎస్ ట్రాకర్ పెట్టించాలా, రెండింట్లో ఏది మేలు అని అడిగారు. మధ్యలో ఇంకో మాట కూడా అన్నారు: అమ్మినాయన ఒక్క కీ మాత్రమే ఇచ్చారు, రెండోది ఎక్కడో పోయిందన్నారు. చదువుతుంటే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది ఆ మాటకే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇప్పటి కార్లలో ప్రతి కీలో ఒక చిప్ ఉంటుంది, ప్రతి చిప్‌కీ ఒక సొంత గుర్తింపు ఉంటుంది. ఏయే కీలను నమ్మాలో కారు తన మెమరీలో రాసుకుని ఉంటుంది. పోయిందన్న ఆ రెండో కీ ఈరోజు ఎవరి చేతిలో ఉన్నా, మీ కారు లెక్కలో వాళ్లు కూడా యజమానే. అలారం మోగదు, అద్దం పగలదు. బండి మామూలుగా స్టార్ట్ అయి వెళ్లిపోతుంది. నేను 20 ఏళ్లకు పైగా కార్ల ఎలక్ట్రికల్ పనిలో ఉన్నాను. దొంగతనమై దొరికిన బండ్లను మళ్లీ బాగుచేసే పని కూడా చేస్తాను. అలా వచ్చిన ఒక కారుకు డయాగ్నస్టిక్ మెషీన్ పెట్టి చూస్తే మెమరీలో మూడు కీలు ఉన్నాయి. యజమాని దగ్గర ఉన్నవి రెండు. ఆయన కారు కొని రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ మూడో కీ ఎక్కడో బతికే ఉంది. కొన్న మొదటి రోజే మెమరీ చూపించుకుని ఉంటే ఆ దొంగతనం జరిగేదే కాదు.

కాబట్టి వేరే ఏదైనా కొనే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కో, కీ ప్రోగ్రామింగ్ తెలిసిన నమ్మకమైన మనిషి దగ్గరికో వెళ్లండి. ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చూడమనండి. అన్నీ తీసేసి, మీ చేతిలో ఉన్న కీని, కొత్తగా తీసుకునే రెండో కీని మాత్రమే మళ్లీ ఎక్కించమనండి. పని అయ్యాక ఆ లెక్క స్క్రీన్ మీద మీ కళ్లతో చూసుకోండి. పాత కీలో ఉండే లోహపు బ్లేడుతో డోర్ మాత్రం అప్పటికీ తెరుచుకుంటుందని గుర్తుంచుకోండి. అది ఇబ్బంది అనిపిస్తే డోర్ సిలిండర్ కూడా మార్పించవచ్చు. ఫోన్ యాప్‌తో లాక్ తీసే సౌకర్యం ఉంటే, పాత యజమాని అకౌంట్ ఇంకా ఆ కారుకు అతుక్కుని ఉందేమో చూడండి. కారు అమ్మాక యాప్‌లోంచి తీసేయడం చాలామంది మర్చిపోతారు. వాళ్లలో చెడ్డ ఉద్దేశం లేకపోయినా, వాళ్ల పాస్‌వర్డ్ ఎవరైనా కొట్టేస్తే మీ కారు ఎక్కడుందో వాళ్లకు తెలిసిపోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. స్టీరింగ్ లాక్, ట్రాకర్ ఒకదానికొకటి బదులు కావు. ఒకటి కారును కదలనివ్వదు, రెండోది కదిలిన కారును వెతికి పెడుతుంది. నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఏ జాగ్రత్తా లేనివి తక్కువే. ఎక్కువ మంది డబ్బు బాగానే పెట్టారు. కానీ పెట్టిందంతా ఒకే దారికి పెట్టారు. కంపెనీ అలారం ఉండగా దాని మీద ఇంకో అలారం, దాని మీద ఇంకో సైరన్. దొంగ ఆ దారిలో రానే రాలేదు. రక్షణలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయన్నది చూడాలి. వైరు కోసేవాడికి ఇనుము కోయడం రావాలి, ఇనుము కోసేవాడికి మీ తలలో ఉన్న నంబర్ కూడా తెలియాలి, అన్నీ తెలిసినవాడికి సమయం కూడా చాలాలి. ఇన్నీ ఒకే మనిషి దగ్గర ఉండటం అరుదు. ఇది అర్థం కావాలంటే వాళ్లు ఏయే దారుల్లో వస్తారో కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటిది అందరూ విన్న రిలే పద్ధతి. కీలెస్ కారు హ్యాండిల్ పట్టుకోగానే కారు చాలా బలహీనమైన ఒక పిలుపు పంపుతుంది, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో. అది మీటరు, రెండు మీటర్ల దూరం కూడా సరిగ్గా పోదు. ఆ పిలుపు విన్న కీ 315 లేదా 433 మెగాహెర్ట్జ్‌లో జవాబు చెబుతుంది. ‘నా పిలుపు వినబడిందంటే కీ పక్కనే ఉన్నట్టు’ అని కారు అనుకుంటుంది. లోపమంతా ఆ అనుకోవడంలోనే ఉంది. ఒకడు కారు పక్కన, ఇంకొకడు మీ ఇంటి గోడ పక్కన యాంటెన్నాతో నిలబడి ఆ పిలుపును ఇంట్లో ఉన్న కీ దాకా మోసుకెళ్తారు. ఇందులో రహస్య కోడ్‌ను ఎవరూ ఛేదించరు. కోడ్ నిజమైనదే, కీ కూడా నిజమైనదే. దూరం ఒక్కటే అబద్ధం. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2011లోనే 8 కంపెనీల 10 మోడళ్ల మీద దీన్ని చేసి చూపించారు. పదికి పదీ తెరుచుకున్నాయి. పైగా ఒకసారి స్టార్ట్ అయ్యాక, కీ దూరమైందని ఇంజిన్ ఆగిపోదు. నడుస్తున్న బండి రోడ్డు మధ్యలో ఆగితే ప్రమాదం కాబట్టి కంపెనీలు అలా పెట్టాయి. అందువల్ల దొంగ ఆపకుండా ఎంత దూరమైనా వెళ్లిపోగలడు.

దీనికి మందు సులువు. మీ కారు మెనూలో కీలెస్ ఎంట్రీని ఆపేసే వీలుంటే ఈ రాత్రే ఆపేయండి. బటన్ నొక్కి తలుపు తీయడం పెద్ద శ్రమేం కాదు, పైసా ఖర్చు లేదు. ఆపే వీలు లేకపోతే సిగ్నల్ బయటికి పోనివ్వని ఫారడే పౌచ్ వాడండి. అయితే పౌచ్ కొని మర్చిపోతే కుదరదు. లోపలి లోహపు పొర మడతల దగ్గర అరిగిపోతుంది. నెలకోసారి కీని అందులో పెట్టి కారు హ్యాండిల్‌కు ఆనించి చూడండి. డోర్ తెరుచుకుంటే ఆ పౌచ్ పని అయిపోయినట్టే. రెండో కీని కూడా పౌచ్‌లోనే పెట్టాలి. చాలామంది వాడే కీని భద్రంగా పౌచ్‌లో పెట్టి, రెండోదాన్ని గుమ్మం పక్క సొరుగులో వదిలేస్తారు. కొన్ని కొత్త కీలలో కదలిక సెన్సర్ ఉంటుంది, కాసేపు కదలకపోతే కీ నిద్రపోతుంది. ఇంకా కొత్త కార్లలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ వచ్చింది. అది సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. రేడియో తరంగం ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు వెళ్తుంది. మధ్యలో ఎవరైనా దాన్ని మోస్తే ఆ ఆలస్యం బయటపడిపోతుంది. జాగ్వార్ ల్యాండ్ రోవర్ 2018 నుంచే కొన్ని మోడళ్ల కీలలో దీన్ని వాడుతోంది. మీ కారు సంవత్సరం, మోడల్ బట్టి ఇందులో ఏదైనా ఉందేమో మాన్యువల్‌లో చూడండి.

రెండో దారి గురించి ఎక్కువసేపు చెబుతాను. ఎందుకంటే పౌచ్ కొన్నవాళ్లందరూ దీని ముందు నిస్సహాయులే. కారులో ఇంజిన్, బ్రేకులు, డోర్లు, లైట్లు, వీటన్నిటి కంప్యూటర్లు రెండు వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దాన్ని క్యాన్ బస్ అంటారు. బాష్ కంపెనీ 1986లో దాన్ని ప్రపంచానికి చూపించింది. ఆ రోజుల్లో కారులోకి బయటివాడు వైరు కలుపుతాడన్న ఆలోచనే లేదు. అందుకే ఆ వైరు మీద వచ్చిన సందేశం ఎవరు పంపారని అడిగే ఏర్పాటు అందులో పెట్టలేదు. వినబడినదంతా నిజమే అనుకుంటారు అందరూ. ఇంట్లోవాళ్ల మధ్య మాటలాగా.

2022లో లండన్‌లో ఒక టయోటా రావ్4 పోయింది. దాని యజమాని స్వయంగా కార్ల కంప్యూటర్ భద్రత మీద పనిచేసే మనిషి. కారు పోవడానికి ముందు రెండు సార్లు ముందు బంపర్ లాగేసి, హెడ్‌లైట్ వైర్లు ఊడదీసి ఉండటం ఆయన చూశారు. అల్లరి పనేమో అనుకున్నారు. ఆ తర్వాత కారే పోయింది. ఆయనా, క్యాన్ బస్ బాగా తెలిసిన ఇంకో నిపుణుడూ కలిసి కూపీ లాగి 2023 ఏప్రిల్‌లో వివరాలు బయటపెట్టారు. బ్లూటూత్ స్పీకర్ డబ్బాలో దాచిన చిన్న పరికరాన్ని హెడ్‌లైట్ వైర్ల దగ్గర కలిపి, ‘సరైన కీ వచ్చింది’ అన్న అబద్ధపు సందేశాన్ని పంపుతారు. ఇంజిన్ కంప్యూటర్ నమ్మేస్తుంది. మీ కీ పౌచ్‌లో ఉన్నా, బ్యాంకు లాకర్లో ఉన్నా ఒకటే.

అందుకే మీకు ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఒక ఉదయం లేచి చూస్తే బంపర్ అంచు లేచి ఉన్నా, చక్రం మీది ప్లాస్టిక్ కవర్ వదులైనా, హెడ్‌లైట్ పక్క సందు పెద్దదైనా, ‘పిల్లలు ఎవరో’ అని సరిపెట్టుకోకండి. అది మొదటి ప్రయత్నం అయ్యుండవచ్చు. ఆ రాత్రి కారును అక్కడ పెట్టకండి. ముందు భాగం గోడకు దగ్గరగా ఉండేలా పార్క్ చేస్తే హెడ్‌లైట్ వెనక చెయ్యి పెట్టడం కష్టమవుతుంది. చిన్న విషయంలా ఉంటుంది కానీ నిజంగా పనిచేస్తుంది.

మూడో దారి, డాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్. మెకానిక్ లోపాలు చూడటానికి పెట్టినది. అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి చేశారు. కొన్ని మోడళ్లలో అక్కడి నుంచే కొత్త కీ ఎక్కించేయవచ్చు. పర్ఫార్మెన్స్ కార్లకు ఇది ఎంత పెద్ద దెబ్బో అమెరికాలో డాడ్జ్ చార్జర్ హెల్‌క్యాట్ చూపించింది. 2020 నుంచి 2022 వరకు వచ్చిన మోడళ్లకు, అక్కడి బీమా సమాచార సంస్థ హెచ్ఎల్‌డీఐ లెక్క ప్రకారం, పూర్తి కారు దొంగతనం క్లెయిములు సగటు కంటే 60 రెట్లు ఎక్కువ. అవి 700కు పైగా హార్స్‌పవర్ కార్లు. దొంగతనాలు పెరిగాక 2021లో డాడ్జ్ ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించింది. యజమాని నాలుగు అంకెల కోడ్ కొట్టకపోతే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది కానీ నిమిషానికి 675 చుట్లు (ఆర్‌పీఎం) దాటదు, 3 హార్స్‌పవర్ కూడా ఇవ్వదు. నడిచే మనిషి కూడా దాన్ని దాటేస్తాడు.

నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది. ఎందుకంటే అది దొంగ చేతిలో ఉన్న వస్తువుతో పోటీ పడలేదు, యజమాని తలలో ఉన్నదాన్ని అడిగింది. టెస్లా కూడా అలాగే చేసింది. 2018లో బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీ పరిశోధకులు మోడల్ ఎస్ కీని కొన్ని సెకన్లలో కాపీ చేయవచ్చని చూపించారు. ఆ కీలో వాడిన రహస్య కోడ్ 40 బిట్లదే, అంటే చాలా చిన్నది. అదే సంవత్సరం టెస్లా, పిన్ కొడితే తప్ప కారు కదలని సౌకర్యం తెచ్చింది. మీ కారులో ఇలాంటి పిన్ ఏర్పాటు ఉంటే వెంటనే ఆన్ చేయండి. కొన్ని సెకన్ల విసుగు తప్ప నష్టం లేదు.

కంపెనీ అది ఇవ్వకపోతే బయట దొరికే క్యాన్ ఇమ్మొబిలైజర్, అంటే క్యాన్ బస్‌కు కలిపి కారును కదలనివ్వకుండా ఆపే పరికరం, పెట్టించండి. నేను మీకు మొదట ఖర్చు పెట్టమనేది దీని మీదే. స్టీరింగ్ మీది బటన్లు, కిటికీ స్విచ్‌లు మీరు ఎంచుకున్న వరసలో నొక్కితేనే ఇంజిన్ కదలడానికి ఒప్పుకుంటుంది. కొత్త కీ ఎక్కించినా, రిలే చేసినా, ఆ వరస తెలియకపోతే ఉపయోగం లేదు. వస్తువు కంటే బిగించే మనిషి ముఖ్యం. ప్రతి కారులోనూ ఒకే చోట పెట్టేవాడి దగ్గర పెట్టించకండి, దొంగకు కూడా ఆ చోటు తెలుసు. ఆ కంపెనీ స్టిక్కర్ అద్దం మీద అంటించనివ్వకండి. ఏం ఉందో ముందే తెలిస్తే దానికి తగిన పనిముట్టుతోనే వస్తాడు. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు వరస చెప్పకుండా, వరస అడగని సర్వీస్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి, తిరిగి తీసుకున్నాక ఆ మోడ్ తీసేయడం మర్చిపోకండి. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పండి.

పాత పద్ధతిలో ఫ్యూయల్ పంప్ వైరు కోసి రహస్య స్విచ్ పెట్టిస్తామంటే మాత్రం ఆగి ఆలోచించండి. నా దగ్గరికి ఒకసారి అలాంటి కారు వచ్చింది. స్విచ్ దగ్గర కనెక్షన్ వదులై, ఓవర్‌టేక్ చేస్తుండగా ఇంజిన్ ఆగిపోయిందట. ఎదురుగా లారీ. ఆయన బతికి బయటపడ్డారు కానీ నా ముందు కూర్చుని ఆ సంగతి చెబుతుంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి. నడుస్తున్న ఇంజిన్‌ను ఆపగలిగేది ఏదీ రక్షణ కాదు. ఏది పెట్టినా స్టార్ట్ కాకుండా ఆపాలి, అంతే. కార్బురేటర్ కాలం నాటి పాత స్పోర్ట్స్ కార్లకైతే కథ వేరు. వాటిలో చిప్ ఉండదు, యూరప్‌లో కూడా ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది 1998లోనే. ఆ బండ్లకు బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్ మంచి ఆయుధమే. స్టార్టర్ వైరుకు పెట్టే రహస్య స్విచ్ కూడా మంచిదే.

ఇప్పుడు ఇనుము సంగతి. స్టీరింగ్ లాక్ తప్పకుండా కొనండి. కానీ స్టీరింగ్ మీద అడ్డంగా పెట్టే సన్నటి రాడ్డు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. రాడ్డు ఎంత గట్టిదైనా, అది పట్టుకున్న స్టీరింగ్ చుట్టు లోపల ఉండేది సన్నటి లోహమే. దొంగ లాక్‌ను కోయడు, స్టీరింగ్‌ను కోస్తాడు. మొత్తం స్టీరింగ్‌ను పళ్లెంలా కప్పేసే రకం తీసుకోండి. బరువుగా ఉంటుంది, రోజూ పెట్టి తీయడం విసుగే. మీరు వారానికి రెండు సార్లే తీస్తున్నారు కాబట్టి మీకు సరిపోతుంది. లెదర్ పాడవుతుందని బెంగ ఉంటే లోపల మెత్తటి గుడ్డ వేయండి. కిటికీలోంచి చూడగానే కనబడటం దీని గొప్పతనం. రాత్రి తిరిగేవాడు మీ కారు ముందు నిలబడి, ఇది కోయాలంటే గ్రైండర్ కావాలి, శబ్దం అవుతుంది అని లెక్క వేసుకుంటాడు. ఆ లెక్కలోనే సగం మంది వెళ్లిపోతారని నా అనుభవం.

కారును ఎత్తి లారీ మీద వేసుకుపోయేవాళ్లకు కీతో పనే లేదు. వాళ్లకు అడ్డం స్థలంలో పెట్టాలి. ఇంటి ముందు మడిచి లేపే ఇనుప స్తంభం ఉంటే బాగుంటుంది. స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పొట్టి స్తంభం కూడా సరిపోతుంది. లేకపోతే ఇంట్లో ఉన్న రెండో కారును దీనికి అడ్డంగా పెట్టండి. చక్రాలు పూర్తిగా ఒకవైపు తిప్పి ఆపండి, లాగేటప్పుడు బండి నేరుగా రాదు. అలారంలో, కారును ఎత్తితే పసిగట్టే టిల్ట్ సెన్సర్ ఉందో లేదో చూడండి, అది చక్రాల దొంగలకు కూడా పనికొస్తుంది. ఎక్కువ రోజులు ఊరు వెళ్తుంటే చక్రం తిరగకుండా పట్టే క్లాంప్ వేయండి.

ట్రాకర్ విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటే పెట్టించడం. జీపీఎస్, మొబైల్ సిగ్నల్ రెండింటినీ అడ్డుకునే జామర్లు దొంగల దగ్గర మామూలైపోయాయి. ఇనుప కంటెయినర్‌లోకి ఎక్కించాక జీపీఎస్‌కు ఆకాశం కనబడదు. పైగా వాళ్లకు ఓపిక ఎక్కువ. కారును ఎత్తుకెళ్లి ఎక్కడో మామూలు వీధిలో ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ట్రాకర్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. అందుకే రెండు పెట్టండి. ఒకటి కారు బ్యాటరీకి కలిపినది, జామర్ తగిలితే హెచ్చరిక పంపేది. రెండోది సొంత బ్యాటరీతో రోజుకు ఒకసారి మాత్రమే లేచి తానెక్కడుందో చెప్పి మళ్లీ పడుకునేది. ఎక్కువసేపు నిద్రలో ఉండేదాన్ని సిగ్నల్ వెతికే పరికరంతో పట్టుకోవడం కష్టం. వీహెచ్ఎఫ్ రేడియోతో పనిచేసే రకం మీ ప్రాంతంలో ఉంటే ఇంకా మంచిది. గోడల వెనక, గ్యారేజీల్లో దాచిన బండిని కూడా దగ్గరికి వెళ్లి పట్టుకోగలరు.

ఆపిల్ వాళ్ల చిన్న ట్రాకర్ ఎయిర్‌ట్యాగ్ పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. అది 2021లో వచ్చింది, చవక, చిన్నది. కానీ మనుషులను దొంగచాటుగా వెంబడించకుండా, ‘నీతో పాటు ఒక ట్యాగ్ కదులుతోంది’ అని ఎదుటి మనిషి ఫోన్‌కు చెప్పేస్తుంది. ఇప్పుడు ఆపిల్, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండూ ఇలా చెబుతున్నాయి. ఆ ఏర్పాటు ఉండాల్సిందే, అది ప్రాణాలు కాపాడుతుంది. కానీ దొంగకు కూడా అదే కబురు అందుతుంది. మూడోదిగా పెట్టుకోండి, దాన్నే నమ్ముకోకండి.

మీ వాడకానికి ప్రత్యేకంగా ఇంకో జాగ్రత్త ఉంది. వారాల తరబడి కదలని కారులో అలారం, ట్రాకర్, ఇమ్మొబిలైజర్ అన్నీ బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. బ్యాటరీ పడిపోతే సొంత బ్యాటరీ లేని సైరన్ మూగబోతుంది, ట్రాకర్ ఆగిపోతుంది. ఎంతో ఖర్చు పెట్టిన కారు ఆ రాత్రి ఉత్త ఇనుపముక్కగా మిగులుతుంది. ఛార్జ్ పడిపోకుండా చూసే బ్యాటరీ మెయింటెయినర్ పెట్టే వీలుంటే పెట్టండి. లేకపోతే వారానికి ఒకసారి అరగంటైనా నడపండి. ట్రాకర్ తక్కువ వోల్టేజ్ అలర్ట్ పంపితే రేపు చూద్దాంలే అనకండి. అది బ్యాటరీ అయిపోవడం కావచ్చు, ఎవరో వైరు తీయడమూ కావచ్చు.

బయట ఆపినప్పుడు లాక్ బటన్ నొక్కి నడుచుకుంటూ వెళ్లిపోకండి. కీ సిగ్నల్‌ను జామ్ చేసి లాక్ పడకుండా చేయడం చాలా పాత ఎత్తు. అద్దాలు మడుచుకున్నాయో లేదో చూడండి, ఒకసారి హ్యాండిల్ లాగి చూసి కదలండి. అమ్మేటప్పుడు కూడా అంతే. చూడటానికి వచ్చిన మనిషి కీ చేతిలోకి తీసుకుని, అచ్చం అలాంటి ఖాళీ కీ తిరిగి ఇచ్చి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. వాళ్లు వెళ్లేలోపే మీ కీతో డోర్ తీసి చూసుకోండి. టెస్ట్ డ్రైవ్‌కు ఇస్తే ఇంజిన్ నడుస్తుండగా మీరు కారు దిగకండి, సీట్లు మారేటప్పుడు కీ మీ జేబులోనే ఉండాలి.

ఫోటోల గురించి చెబితే కొందరికి బాధ కలుగుతుంది, ఎందుకంటే ఇలాంటి కారు కొన్నది ప్రేమతో. నలుగురికీ చూపించుకోవాలని ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఇంటి గేటు, నంబర్ ప్లేటు, ‘రేపటి నుంచి వారం సెలవు’ అన్న మాట, ఈ మూడూ ఒకే అకౌంట్‌లో కనబడితే దొంగకు మీరే అడ్రస్ రాసి ఇచ్చినట్టు. ఫోటో వేరే చోట తీయండి, ఊరి నుంచి తిరిగొచ్చాక పెట్టండి. కార్ మీట్ నుంచి ఇంటికి వస్తున్నప్పుడు వెనక అదే బండి చాలాసేపుగా ఉందనిపిస్తే, ఇంటికి తిరగకుండా జనం ఉన్న చోటికో పోలీస్ స్టేషన్ వైపో వెళ్లండి.

ఇంకో మాట చెప్పకపోతే ఈ సలహాలన్నీ మీకు కీడు చేసినట్టే అవుతుంది. కారులో ఎలక్ట్రానిక్ దారులన్నీ మూసుకుపోతే కొందరు కీ కోసం నేరుగా ఇంట్లోకే వస్తారు. కీ గుమ్మం దగ్గర పెట్టకండి, అలాగే మీ తలగడ కింద, పిల్లలు పడుకునే గదిలో కూడా పెట్టకండి. మనుషులు పడుకోని గదిలో పెట్టండి. ఎవరైనా ఎదురుగా నిలబడి కీ అడిగితే ఇచ్చేయండి. దారిలో ఆపి దిగమంటే దిగండి. బటన్ల వరస అడిగితే అది కూడా చెప్పేయండి. కారుకు బీమా ఉంది, మళ్లీ కొనవచ్చు. ఇంట్లోవాళ్లతో ఈ విషయం ముందే మాట్లాడుకోండి. ఆ క్షణంలో ఎవరూ హీరోగిరీ చేయకూడదు.

కాగితాల పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, మార్పించిన టర్బోలు, చక్రాలు, సీట్లు, గీతలు, సొట్టలు అన్నీ ఫోటోలు తీసి ఫోన్‌లో కాకుండా వేరే చోట కూడా దాచండి. కంటికి కనబడని చోట్ల మైక్రోడాట్లు (గుర్తింపు నంబర్ ఉన్న అతి చిన్న చుక్కలు), యూవీ పెన్ను గుర్తులు వేయించండి. ఇది ఎంత కాలానికైనా పనికొస్తుంది. ఫార్ములా వన్ డ్రైవర్ గెర్హార్డ్ బెర్గర్ ఫెరారీ ఎఫ్512ఎం 1995లో ఇమోలా రేసు సమయంలో పోయింది. 2024లో లండన్ పోలీసులకు దొరికింది. కొనబోతున్న వాళ్లు వివరాలు సరిచూసుకోమని ఫెరారీని అడగడంతో, అది దొంగతనమైన బండి అని 28 ఏళ్ల తర్వాత తేలింది. నంబర్లు భద్రంగా ఉండబట్టే అది సాధ్యమైంది.

ఒకవేళ జరగరానిది జరిగితే ముందు పోలీసులకు, తర్వాత ట్రాకర్ కంపెనీకి, బీమా కంపెనీకి ఫోన్ చేయండి. ట్రాకర్ యాప్ చూసుకుంటూ మీరే వెంటపడకండి. లొకేషన్ పోలీసులకు ఇవ్వండి, వాళ్లతో పాటే ఉండండి. కారు దొరికితే ఆత్రంగా తలుపు తీసి లోపల కూర్చోకండి, వేలిముద్రలు తీసేదాకా ముట్టుకోవద్దు. ఇంటికి తెచ్చాక మొదటి పని మళ్లీ అదే: మెమరీలో ఎన్ని కీలున్నాయో చూడటం, మీవి కానివి తీసేయడం. హెడ్‌లైట్ల వెనక, ఓబీడీ సాకెట్ దగ్గర, వెనక సీటు కింద వాళ్లు వదిలేసిన పరికరం, వాళ్లు పెట్టిన ట్రాకర్ ఏమైనా ఉందేమో లిఫ్ట్ మీద ఎత్తి వెతికించండి. ఒకసారి తీసుకెళ్లిన కారును మళ్లీ తీసుకెళ్లడం వాళ్లకు సులువు, కాబట్టి ఆ మొదటి వారం రాత్రులు మాత్రం వేరే చోట పెట్టండి.

మీ కారు మోడల్, సంవత్సరం, మెనూలో కీలెస్ ఆపే ఆప్షన్ కనబడిందో లేదో రాయండి. ఇమ్మొబిలైజర్ ఏ రకం పనికొస్తుందో దాన్ని బట్టి చెబుతాను. ఈలోగా ఆ రెండో కీ సంగతి మాత్రం రేపే తేల్చుకోండి.